పైనాపిల్ ఉడకబెట్టమన్న కాగితం

2004వ సంవత్సరం జులై 24వ తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు అనకాపల్లిలో మా వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని నేనొక పైనాపిల్ పండును తరగడం మొదలుపెట్టాను. అక్కడి నుంచి ఇరవై ఆరు గంటలు తిరక్కుండానే నా పరువు కూడా అదే సైజు ముక్కలయింది. ఆ మధ్యలో ఏం జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుతున్నారు, మీరు నవ్వితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఇంత తప్పు ఇంత శ్రద్ధగా ఎలా చేశానో మీకు అర్థం కాదు. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. అందులో ఇరవై తొమ్మిది ఆసుపత్రి మందుల గదిలో గడిచాయి. దగ్గు మందైనా, కడుపు మంట మందైనా, పైన రాసే మందైనా కొలిచి కలపడమే నా పని. ఒక్క చుక్క ఎక్కువ కాలేదు, ఒక్క చుక్క తక్కువ కాలేదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మా ఇంట్లో కారం సీసా మీద కూడా తెరిచిన తేదీ ఉంటుంది. మా ఆయన బెల్లం మార్కెట్లో గుమస్తా. ఆయన మీద మాత్రం తేదీ అంటించలేదు, అంటిస్తే ఊరుకుంటాడనీ అనుకోను.

ఇక సునీత. మా తమ్ముడి కూతురు, నాకు మేనకోడలు. భర్త ఆటో నడుపుతాడు. ఈ పిల్ల మూడు నెలలపాటు పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి టిఫిన్లు, బేకరీ వంటలు నేర్చుకుని వచ్చింది. వచ్చాక అయిదు చోట్ల అడిగింది. అయిదు చోట్లా 'చూద్దాం' అన్నారు. చూద్దాం అన్నవాళ్ళు ఎవరూ చూడరని మీకు తెలుసు, నాకు తెలుసు, సునీతకి అయిదోసారికి తెలిసింది. ఆరోది ఆడపిల్లల హాస్టలు. అక్కడి వార్డెన్ గ్రేసమ్మగారు మాత్రం సూటిగా మాట్లాడింది. రోజూ సాయంత్రం నలభైమంది పిల్లలకి ఫలహారం కావాలి, ఆదివారం మీ చర్చిలో స్త్రీల సమాజానికి అతిథిగా వస్తున్నాను, అక్కడ నీ చేతి వంట తింటాను, నచ్చితే ఆగస్టు ఒకటి నుంచి నువ్వే, నచ్చకపోతే బేకరీవాళ్ళు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తాను అంది.

సునీత తన మూడు నెలల చదువులోంచి ఒకటే ఎంచుకుంది. బ్రెడ్డు మధ్య పూసే మీగడ ముద్ద. బట్టలో కట్టి నీళ్ళు కార్చిన గట్టి పెరుగు, మీగడ, సన్నగా తరిగిన క్యారెట్టు, కీరదోస, క్యాప్సికం, కొంచెం ఉప్పు, మిరియాలు, మధ్య మధ్య తియ్యగా పైనాపిల్. అది ఒకసారి నాకు పెట్టింది. తియ్యనా, ఉప్పనా అని నాలుక ఇంకా ఆలోచిస్తూండగానే చెయ్యి రెండో ముక్క అందుకుంది. అంత బాగుంది.

శనివారం మునగపాకలో వాళ్ళ మరిది నిశ్చితార్థం. వెళ్ళక తప్పదు. వాళ్ళింట్లో ఫ్రిజ్జు లేదు, మా ఇంట్లో ఉంది. అందుకని పెరుగూ మీగడా కూరలూ తెచ్చి మా ఇంట్లో పెట్టింది. ఆ మీగడ తొమ్మిది రోజులుగా రోజూ తీసి తెచ్చి మా ఫ్రిజ్జులో దాచుకున్నది. ఇంట్లో పిల్లలకి కూడా వెయ్యలేదు. నా చేతిలో ఒక కాగితం పెట్టింది. కాగితం మీద పదిమందికి కొలతలు, కింద చెయ్యాల్సిన పద్ధతి. నోటితో కూడా చెప్పింది.

"అత్తా, కూరలు తరిగి ఫ్రిజ్జులో పెట్టు. పైనాపిల్ పంచదారలో పది నిమిషాలు ఉడకబెట్టి చల్లార్చి విడిగా పెట్టు. కలపడం నేనొచ్చి కలుపుతాను. కాగితంలో ఉన్నదే సెయ్యి. ఎక్కువ సెయ్యకు."

"ఇరవై తొమ్మిదేళ్ళుగా కాగితం చూసే కదే కలుపుతున్నాను."

"అదే నా బయం," అని ఆటో ఎక్కింది.

ఈ చివరి మాట నేను పొగడ్తగా తీసుకున్నాను.

కొలతలు పదిమందికి, వచ్చేవాళ్ళు అరవైమంది. ఆరుతో హెచ్చించాను. గట్టి పెరుగు కిలోన్నర, మీగడ ఆరు వందల గ్రాములు, క్యారెట్టు మూడు వందలు, కీరదోస మూడు వందలు, క్యాప్సికం నూట యాభై, పైనాపిల్ మూడు వందలు, పంచదార నూట యాభై. ఇంతవరకూ లెక్కలో పొల్లు లేదు. తరువాత కూడా లేదు. నా కథలో విషాదం ఏమిటంటే, మొదటినుంచి చివరిదాకా ఒక్క లెక్క కూడా తప్పలేదు.

పైనాపిల్ మన్యం నుంచి దిగిన తాజా సరుకు. తరుగుతూంటే వీధిదాకా వాసన. మూడు వందల గ్రాములు తూచి గిన్నెలో వేసి స్టవ్ వెలిగించబోయి ఆగాను. ఉడకబెడితే విటమిన్ సి ఏమవుతుంది? పోతుంది. అది మందుల గదిలో గోడమీద బొమ్మవేసి మరీ పెట్టిన విషయం. హాస్టల్లో పెరిగే పిల్లలకి, రక్తం తక్కువ పిల్లలకి, విటమిన్లు చంపి పెట్టడమా? ఈ పిల్ల మూడు నెలలు రైలెక్కి నేర్చుకున్నది ఇదా అనిపించింది. అగ్గిపెట్టె పక్కన పెట్టేశాను. పండు పచ్చిగానే ఉంచాను.

తరువాత పంచదార డబ్బా తీశాను. మళ్ళీ ఆగాను. అనకాపల్లిలో పుట్టి, బెల్లం మార్కెట్ గుమస్తాను కట్టుకుని, చర్చి బల్లమీద పంచదార వంట పెడతానా? మా ఆయన తెచ్చిన బెల్లపు అచ్చు ఇంట్లో ఉంది, చిదిపితే ఇసుకలా రాలే సరుకు. నూట యాభై గ్రాములకి నూట యాభై గ్రాములే తూచాను. అచ్చం.

మూడోసారి ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఎందుకంటే మందు ఏదైనా కలిపి ఒక రాత్రి కూర్చోబెడితేనే పదార్థాలు ఒకదానికొకటి పడతాయని నా అనుభవం. ఆదివారం ఆరాధనకి వెళ్ళాలి, వచ్చి తొందర తొందరగా కలపడమేమిటి? పని తీర్చేస్తే పిల్ల వచ్చి సంతోషిస్తుంది. పెరుగూ మీగడా చిలికి, కూరలూ పచ్చి పైనాపిలూ బెల్లమూ వేసి, ఉప్పు మిరియాలు చల్లి, సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకి పెద్ద స్టీలు గిన్నె నిండా కలిపాను. రుచి చూశాను. అమోఘం. ఆ మాట రాసి పెట్టుకోండి, ఆ గిన్నె గురించి నేను చెప్పే చివరి మంచిమాట అదే. మూత మీద కాగితం అంటించి తేదీ, సమయం, బరువు రాశాను: మూడు కిలోల మూడు వందలు.

మా ఆయన మార్కెట్ నుంచి వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"బెల్లం ఏసేవా?"

"వేశాను."

"పాల సరుకులో బెల్లం ఏత్తే ఇరిగిపోద్దే. పరమాన్నం దించేక ఏస్తారు, అది సిన్నపిల్లకి తెలుసు."

"అది వేడి పాలు. ఇది చల్లని పెరుగు. మీకు బెల్లం తూకం తెలుసు, గుణం నాకు తెలుసు."

ఆయన చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళ సంసారంలో నాతో వాదన ఎక్కడ ఆపాలో ఆయన కనిపెట్టినంత కచ్చితంగా నేను ఏ మందూ కొలవలేదు.

ఆదివారం ఉదయం ఆరున్నరకి మూత తీశాను.

గిన్నెలో రెండు దేశాలు ఉన్నాయి. పైన పచ్చటి బెల్లపు నీళ్ళ సముద్రం, అడుగున పలుకులు పలుకులుగా ఏదో ద్వీపం. క్యారెట్టు ముక్కలు ఓడ మునిగినవాళ్ళలా పైకి తేలి నావైపు చూస్తున్నాయి. గరిటెతో కలిపాను. కలవలేదు. చెంచాతో నాలుక మీద వేసుకున్నాను. చేదు. కాకరకాయ చేదు కాదు, దానికో మర్యాద ఉంటుంది. ఇది మా మందుల గది వెనకాల సీసాలు కడిగే తొట్టి చేదు. పైగా నాలుక చివర చిమచిమ. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. మా ఇంట్లో కత్తిపీట కూడా శుభ్రంగానే ఉంది, దురదంతా నాదే.

ఆ క్షణంలో బుద్ధున్న మనిషి ఏం చేస్తుంది? గిన్నె పక్కన పెట్టి సునీతకి కబురు పెడుతుంది. మునగపాక ఎంత దూరమని? నేను మాత్రం గుండీలు పెట్టుకుని డ్యూటీలో దిగాను. చేదు మందులో ఏం వేస్తాం? తీపి. మరో రెండు వందల గ్రాముల బెల్లం దంచి వేశాను. చేదు పోలేదు, చేదుకి పానకం తోడైంది. తీపి విరగాలంటే పులుపు. ఆరు నిమ్మకాయలు పిండాను. ఇప్పుడు చేదు, తీపి, పులుపు మూడూ కూడి కూర్చుని నన్ను నలుగురిలో నిలదీసే సంఘ పెద్దల్లా తయారయ్యాయి. పులుపు ఎక్కువైతే? ఇరవై తొమ్మిదేళ్ళుగా కడుపులో పులుపుకి నేనిచ్చే మందు ఒకటే. వంటసోడా. రెండు చెంచాలు, సమంగా గీసి వేశాను.

చూడండి, పుల్లపెరుగులో నిమ్మరసం, దానిలో సోడా. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఆరో తరగతి పుస్తకంలో ఉంది. నాకూ తెలుసు. తెలిసి తెలిసీ వేశాను, ఎందుకంటే నాకు కనిపిస్తున్నది గిన్నె కాదు, రోగి. ఆ రోగి ఒక్కసారి బుసబుసమని లేచాడు. నురగ అంచుదాకా వచ్చింది, అంచు దాటింది, గట్టు మీద పారి, డ్రాయరు సందుల్లోంచి చెంచాల మీదకి దిగింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. పాలు పొంగితే ఇంటికి మంచిదంటారు. పెరుగు పొంగితే ఏమిటో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నాకు ముందు ఎవరూ పొంగించలేదు.

మా ఆయన స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుని ఆరాధనకి తయారై గుమ్మంలో నిలబడ్డాడు. గట్టు చూశాడు, నేల చూశాడు, మోచేతులదాకా నురగతో ఉన్న నన్ను చూశాడు. ఒక చెంచా తీసి నాలుక మీద పెట్టుకుని, ఆ చెంచా తిప్పి తిప్పి చూశాడు.

"ఏటే," అన్నాడు చివరికి, "ఇది లోపలికా, పైపూతకా?"

ఆ ఆదివారం నేను ఆరాధనకి వెళ్ళలేదు. నా జీవితంలో నాగా పెట్టిన ఆదివారాలు మొత్తం ఏడు. నాలుగు కాన్పులకి, రెండు టైఫాయిడ్‌కి, ఒకటి పైనాపిల్‌కి. పొంగగా మిగిలినదానిలో నాలుగు వందల గ్రాముల పుట్నాలపప్పు పొడి పోసి గట్టిపరిచాను. చూపులకి బాగానే ముద్దకట్టింది. రంగు మాత్రం వానలో గోడ కట్టేవాళ్ళ తట్టలో కనిపించే రంగు.

పదకొండూ యాభైకి సునీత వచ్చింది. చేతిలో ఆరు బ్రెడ్డు పొట్లాలు, తలలో నిశ్చితార్థంలో పెట్టిన పువ్వులు ఇంకా వాడలేదు. గిన్నె చూసింది.

"అత్తా, ఏటిది?"

"కలిపేశానమ్మా. నీకు పని తగ్గుతుందని."

"పైనాపిల్ ఉడకబెట్టేవా?"

నేను విటమిన్ సి గురించి మొదలుపెట్టాను. రెండో వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆ పిల్ల వినడం లేదు. గిన్నె పక్కన ఖాళీగా ఉన్న మీగడ డబ్బా చూస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ నాలుగు అనగలను. నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పచ్చి పైనాపిల్ పెరుగుని ఇరిసేస్తాది అత్తా. సేదెక్కిపోద్ది. క్లాసులో మొదటి రోజే సెప్పేరు. ఉడకబెడితే ఆ గుణం పోతాది. అందుకే కాగితంలో రాసేను."

"కాగితంలో కారణం రాయలేదు కదే."

"కారణం రాత్తే సేద్దువేటి?"

ఇరవై తొమ్మిదేళ్ళలో డాక్టరు రాసిన ఏ కాగితానికీ నేను కారణం అడగలేదు. మేనకోడలు రాసిన కాగితం దగ్గరికి వచ్చేసరికి నాకు తెలివి వచ్చింది.

"వార్డెనమ్మ నాలుగ్గంటలకి వచ్చేత్తాది," అంది సునీత. "ఈసారి కూడా పోతే ఇంక ఎక్కడా అడగను అత్తా. ఆటో కూలీలకి క్యారేజీలు కట్టుకుంటాను."

ఆ మాట నాకు నిజంగా తగిలింది. చప్పున లేచాను, మార్కెట్‌కి పరిగెత్తి పెరుగు తెస్తానన్నాను. పెరుగు నీళ్ళు కారడానికి ఆరు గంటలు పడుతుందట. నాలుగ్గంటలే ఉన్నాయి. పోనీ మొక్కజొన్న పిండితో అన్నాను. సునీత నా రెండు భుజాలూ పట్టుకుని, కుర్చీలో కూర్చోబెట్టి, పాపం నెమ్మదిగానే అంది: "నువ్వు ఈ కుర్చీ మీంచి లెగకు. అదే పెద్ద సాయం."

కూర్చున్నాను. కూర్చుని చూశాను. పిల్ల పెరటి కొబ్బరికాయలు నాలుగు కొట్టించింది. మా ఆయన తెల్లచొక్కా విప్పి బనీనుతో కొబ్బరి తురమడానికి కోరాము ముందు కూర్చున్నాడు. కరెంటు లేదు, వానాకాలం ఆదివారం కరెంటు ఉండాలనుకోవడం అత్యాశ. రోట్లో వేసి కొబ్బరిని వెన్నలా రుబ్బింది. మిగిలిన పండు తరిగి పంచదారలో సరిగ్గా పది నిమిషాలు ఉడికించింది. గడియారం చూడలేదు. నేను చూశాను, సరిగ్గా పదే. బజారు నుంచి మళ్ళీ తెచ్చిన క్యారెట్టూ కీరా వేసి, ఉప్పు, మిరియాలు చల్లి కలిపి నాకొక చెంచా ఇచ్చింది. మీగడ లేకుండా మీగడలా ఉంది. మూడూ యాభైకి అరవై శాండ్‌విచ్‌లు సిద్ధం.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది చిన్న కథ. కానీ చూడండి, సునీత బ్రెడ్డు కొసముక్కలు వాడలేదు. పొట్లానికి రెండు చొప్పున ఆరు పొట్లాలకి పన్నెండు కొసలు, ఎర్రగా, గట్టిగా, బల్లమీద ఉన్నాయి. పక్కన నా గిన్నె. పన్నెండు కొసలంటే ఆరు శాండ్‌విచ్‌లు, అడ్డంగా కోస్తే పన్నెండు ముక్కలు. పిల్ల చీర మార్చుకోవడానికి వెళ్ళింది. చేతికొచ్చిన సరుకు పారేయడం నా వల్ల కాదు. అంతమంది ఆడవాళ్ళలో ఒక్కరికైనా నచ్చదా అనుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దట. నా ముద్ద నాకు ముద్దు.

పన్నెండు ముక్కలూ ఒక పింగాణీ పళ్ళెంలో పెట్టి చీరకొంగు చాటున చర్చి హాలుకి చేర్చాను. బల్ల చివర, ఎవరికీ కనపడకుండా, పూలకూజా వెనక పెట్టాను. ఈగలు ముసురుతున్నాయి. చుట్టూ చూస్తే అంచుకి పూసలు కుట్టిన వలగుడ్డ ఒకటి కనిపించింది. కప్పాను.

మా సమాజంలో ఒక పద్ధతి ఉంది. బల్లమీద అన్ని పళ్ళేలూ అందరివీ, పూసల వలగుడ్డ కప్పిన పళ్ళెం మాత్రం అతిథిది. అది ఎవరూ ముట్టరు, పాస్టరమ్మగారే స్వయంగా తీసి అతిథికి అందిస్తుంది. ఈ పద్ధతి పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఫలహారాల బాధ్యత నాకిచ్చిన 1993లో. పదకొండేళ్ళుగా తప్పనివ్వలేదు, ఆ రోజు ఈగల కంగారులో నాకే గుర్తు రాలేదు. ఒకసారి ఒకావిడ తెలియక ఆ పళ్ళెంలో చెయ్యి పెడితే ఆవిడకి పావుగంట క్లాసు తీసుకున్నాను.

పాటలు అయ్యాయి, వాక్యం అయింది. నేను కప్పులు తెద్దామని వెనక గదికి వెళ్ళి వచ్చేసరికి అందరూ కళ్ళు మూసుకుని నిలబడ్డారు. పాస్టరమ్మగారు ఫలహారం కోసం ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ పక్కన గ్రేసమ్మగారు, తెల్లచీర, తలమీద కొంగు. ఆ ఇద్దరి ముందు, పూలకూజా పక్కకి జరిపి, వలగుడ్డతో సహా నా పళ్ళెం.

నాకూ ఆ పళ్ళేనికీ మధ్య పదకొండు అడుగులు. పాస్టరమ్మగారి ఫలహార ప్రార్థన మామూలుగా నాలుగు నిమిషాలు. దేశ నాయకులు, రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు అందరూ అయ్యాక ఫలహారం వస్తుంది. సమయం ఉంది. చెప్పులు విప్పేసి, అరవైమంది కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళ మధ్య పిల్లిలా బయలుదేరాను. ప్రార్థనలో కళ్ళు తెరిచింది నా జన్మలో అదే మొదలు. నాయకుల దగ్గర మూడు అడుగులు, రోగుల దగ్గర మరో నాలుగు. ఒకావిడ చేతిసంచీ దాటి మిగతా నాలుగూ వేశాను. వలగుడ్డ ఎత్తాను. పళ్ళెం అంచు దొరికింది.

ప్రయాణికుల కోసం ఆ రోజు ఆవిడ ప్రార్థన చెయ్యలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. నేరుగా ఫలహారం అనేసి, ఆమెన్ అనేసింది.

అందరూ కళ్ళు తెరిచారు. వట్టికాళ్ళతో, ఒక చేత్తో వలగుడ్డ ఎత్తి, రెండో చెయ్యి అతిథి పళ్ళెం మీద వేసి నేను.

"రాహేలమ్మగారూ," అంది పాస్టరమ్మగారు ఎంతో ప్రేమగా, "అతిథి తిన్నాక మనమండీ." నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని గ్రేసమ్మగారికి అందించింది. మర్యాదకి తనూ ఒకటి తీసుకుంది.

గ్రేసమ్మగారు కొరికింది. నమిలింది. నమలడం నెమ్మదించింది. ఆవిడ కళ్ళు గోడమీది గడియారం వైపు వెళ్ళాయి, తరువాత కిటికీ వైపు, తరువాత తలుపు వైపు. చేతిలో మిగిలిన సగం తెల్లచీర మీద జారింది. పాస్టరమ్మగారు మాత్రం గొప్ప మనిషి. తన ముక్క పూర్తిగా మింగి, నీళ్ళు తాగి, "చాలా ఆరోగ్యంగా ఉంది" అంది.

"ఇది ఎవరు చేశారు?" అంది వార్డెన్‌గారు.

"మా సునీతండీ," అంది పాస్టరమ్మగారు గర్వంగా. "మీరు చెప్పిన అమ్మాయే."

టీ కెటిల్ దగ్గర సునీత నిలబడి ఉంది. ఆ పళ్ళెం ఏమిటో దానికి తెలియదు. వార్డెన్‌గారి ముఖం మాత్రం కనిపిస్తోంది. కెటిల్ మూత పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళలో నా చేతి తప్పు అని నేను ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఒప్పుకునే అవసరం రాలేదని చెప్పేదాన్ని. ఆ రోజు వచ్చింది.

"సునీత కాదండీ," అన్నాను. "నేను."

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నాకు సగం చెప్పడం రాదు. శనివారం మూడూ ఇరవై నుంచి మొదలుపెట్టాను. విటమిన్ సి, బెల్లం, అయిదూ పది, ఆరున్నర, నిమ్మకాయలు ఆరు, సోడా చెంచాలు రెండు, గీసినవి. నురగ దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన అడిగిన మాట దగ్గర హాలు హాలంతా కూలబడింది. ఒకావిడ కుర్చీ వెనక్కి పడింది. కాగితం ఉన్నా వినలేదని, పిల్ల నాలుగు గంటల్లో రోట్లో రుబ్బి మళ్ళీ చేసిందని, అది ఈ పళ్ళెంలో లేదని, ఆ మిగతా అన్ని పళ్ళేల్లో ఉందని చెప్పి ముగించాను. ఎవరో లెక్కపెట్టారట, ఎనిమిది నిమిషాలు మాట్లాడానట. నా లెక్కకి ఏడు.

గ్రేసమ్మగారు నవ్వలేదు. లేచి వెళ్ళి మామూలు పళ్ళెంలోంచి ఒక శాండ్‌విచ్ తీసుకుని నిలబడే తింది. తరువాత ఇంకొకటి. కెటిల్ దగ్గరికి వెళ్ళి సునీతతో చాలాసేపు మెల్లగా మాట్లాడింది. నాకు వినపడలేదు. వినడానికి దగ్గరికి పోబోతే పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుంది.

మంగళవారం, 27వ తేదీ, సునీత హాస్టలు వాళ్ళ కాగితం పట్టుకుని వచ్చింది. ఒకటో తేదీ నుంచి రోజూ నలభైమందికి. షరతులు నాలుగు టైపు చేసి ఉన్నాయి. సమయానికి రావాలి, మంచి నూనె వాడాలి, ఇలాంటివి. అయిదోది మాత్రం వార్డెన్‌గారు చేత్తో రాసింది: 'వంట జరిగే చోటికి మేనత్తగారు రాకూడదు. వచ్చినా చేతులు వెనక్కి కట్టుకోవాలి.'

నాకు బాగా కోపం వచ్చింది. "చూశావా, ఒక్క తప్పుకి ఎంత మాట రాసిందో. నువ్వెలా ఒప్పుకున్నావే?"

సునీత కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"ఆవిడ నాలుగే పెట్టింది అత్తా," అంది. "అయిదోది నేనడిగి రాయించుకున్నాను."

కాబట్టి, పై సంగతులన్నీ తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహలో నేను చేసే ప్రమాణం ఇది. ఇకమీదట ఎవరు రాసిన వంట కాగితమైనా డాక్టరు చీటీలాగే చూస్తాను. ఉడకబెట్టమంటే ఉడకబెడతాను. కారణం అడగను. పెరుగూ పైనాపిలూ ఉన్న ఏ గిన్నెకైనా పదకొండు అడుగుల దూరంలోనే నిలబడతాను. వంటసోడా బజ్జీల్లో తప్ప మరెక్కడా, మరెవరికీ, ఎంత పులిసినా వెయ్యను.

ఆ రెండు రోజుల్లో పోయినవి ఇవి. గట్టి పెరుగు కిలోన్నర. మీగడ ఆరు వందల గ్రాములు, అంటే తొమ్మిది రోజులది. క్యారెట్టు మూడు వందలు. కీరదోస మూడు వందలు. క్యాప్సికం నూట యాభై. పైనాపిల్ మూడు వందలు. బెల్లం రెండు విడతలుగా మూడు వందల యాభై. పుట్నాలపప్పు పొడి నాలుగు వందలు. మొత్తం మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఉప్పు, మిరియాలు ఇందులో కలపలేదు. నిమ్మకాయలు ఆరు. వంటసోడా రెండు చెంచాలు. ఒక ఆదివారం ఆరాధన. వార్డెన్‌గారి తెల్లచీర ఒకటి, మరక పోలేదు. ఫలహారాల బాధ్యత, పదకొండేళ్ళది, ఆగస్టు మొదటి ఆదివారం మరొకరికి ఇచ్చారు. మొత్తం సరుకులో నేను కాక మనుషులు తిన్నది: మా ఆయన ఒక చెంచా, వార్డెన్‌గారు అర ముక్క, పాస్టరమ్మగారు ఒక ముక్క.